యుకులేలేకి ఉక్కు తీగ వద్దు బాబాయ్ గారూ

ప్రశ్న: అమ్మా, నమస్తే. నేను విశాఖ స్టీల్ ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో ఉంటున్నాం. మా మనవడు చదువుకని బెంగళూరు వెళ్తూ తన యుకులేలే (చిన్న గిటారులా ఉండే నాలుగు తీగల వాద్యం) ఇక్కడే వదిలేశాడు. మేకుకి ఊరికే వేలాడుతోంది కదా అని ఫోన్లో చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఏడాదిగా రోజూ సాయంత్రం గంటసేపు వాయిస్తున్నాను. కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వేసి పాడటం కంటే, పాట స్వరాలనే తీగల మీద పలికించడం నాకిష్టం. మొన్న ఏ (A) స్ట్రింగు, కింద పలక మీద తీగలు కట్టే బ్రిడ్జి దగ్గర పుటుక్కున తెగింది. నెల క్రితం కూడా అదే స్ట్రింగు అక్కడే తెగితే, ఇంట్లో ఉన్న స్పేరు వేశాను. ఈసారి సిటీకి వెళ్లి ఒక షాపులో అడిగితే గిటారు స్టీలు తీగ చేతిలో పెట్టి, "ఇది వేసుకోండి, ఇక జన్మలో తెగదు" అన్నారు. ఇంకా వేయలేదు. వేయొచ్చా? తెగినదొక్కటే మారిస్తే చాలా, నాలుగూ మార్చాలా? రకరకాలు ఉన్నాయంటున్నారు, ఏది కొనాలి? కిందటిసారి నేను వేసిన స్ట్రింగు పది నిమిషాలకోసారి శ్రుతి దిగిపోయేది. నేను వేసిన ముడిలో లోపమా? ఇంకొక్కటి. పాట మంద్రంలోకి దిగగానే నాకు స్వరాలు దొరకడం లేదు. దానికేమైనా దారి ఉందా?
– ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: బాబాయ్ గారూ, నమస్కారం. ఆ స్టీలు తీగ బిగించకుండా ఆగి ఉత్తరం రాశారు, చాలా మంచి పని చేశారు. దాన్ని కవరులోంచి తీయకండి. వీలైతే వెనక్కి ఇచ్చేయండి.

మనం తెలుగులో అన్నిటినీ తీగ అనేస్తాం. వీణకూ తీగే, వయొలిన్‌కూ తీగే, యుకులేలేకీ తీగే. ఆ మాట వినగానే చేతికి లోహం తగిలినట్టే ఉంటుంది. కానీ యుకులేలే లోహం కోసం పుట్టిన వాద్యం కాదు. 1879లో మదీరా దీవి నుంచి రావెన్‌స్క్రాగ్ అనే ఓడ హొనొలులు రేవుకి చేరింది. చెరకు తోటల్లో పనికోసం వచ్చిన పోర్చుగీసు వాళ్లు అందులో ఉన్నారు. వాళ్లలో మాన్యుయెల్ నునెస్, అగస్తో డయాస్, జోసే దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు చెక్కపని వచ్చినవాళ్లు. తమ ఊరి మషేట్ అనే చిన్న వాద్యాన్ని హవాయి చెక్కతో, అక్కడివాళ్ల చేతికి తగ్గట్టు మలుస్తూ పోతే అది యుకులేలే అయింది. అప్పట్లో దానికి కట్టినవి జంతువుల పేగుతో చేసిన తంతులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వచ్చి వాటి చోటు తీసుకుంది. ఇవాళ్టికీ ఆ పెట్టె కొలతలూ, పై పలక మందమూ ఆ మెత్తటి తంతుల లాగుడికే సరిపోయేలా ఉంటాయి.

మీరు ముప్ఫయ్యేళ్లు ఉక్కు మధ్య పనిచేసినవారు, లెక్క చెబితే ఇట్టే పట్టేస్తారు. ఒకే లావున్న రెండు స్ట్రింగులు తీసుకుంటే, ఉక్కుది నైలాన్ దానికంటే ఆరేడు రెట్లు బరువు. ఒకే పొడవులో, ఒకే శ్రుతికి రావాలంటే అన్ని రెట్లూ ఎక్కువ లాగాలి. మామూలు యుకులేలే స్ట్రింగు ఒక్కోటి సుమారు నాలుగు కిలోల బరువు వేలాడదీసినట్టు లాగుతుంది. నాలుగూ కలిపితే పదిహేను, పద్దెనిమిది కిలోలు. స్టీలు తీగల గిటారు మీద లైట్ అనే సెట్టు వేసినా ఆరూ కలిసి డెబ్బై కిలోల దాకా లాగుతాయి. అందుకే దాని పొట్టలో అడ్డకర్రలు బలంగా ఉంటాయి. మీ వాద్యం పై పలక రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ, దానికి జిగురుతో అంటించిన చిన్న బ్రిడ్జి.

షాపులో ఇచ్చింది గిటారు మొదటి తీగ అయితే అది వెంట్రుకలా సన్నగా ఉంటుంది, లాగితే ఏ (A) శ్రుతికి రావచ్చు కూడా. అయినా వద్దనే అంటాను. అంత సన్నటి ఉక్కు, బ్రిడ్జి చెక్కలోకీ దాని మీది ప్లాస్టిక్ పుల్ల సాడిల్‌లోకీ రంపంలా దిగుతుంది. మెడ మీద అడ్డంగా ఉండే మెత్తటి ఇత్తడి మెట్లను, అదే ఫ్రెట్లను, తినేస్తుంది. మిగతా మూడూ గుమ్మని మోగుతుంటే అదొక్కటీ గీ అంటుంది. అదే గిటారు మూడో తీగో నాలుగో తీగో పొరపాటున బిగించారనుకోండి, బ్రిడ్జి పలక నుంచి లేచిపోవచ్చు. నా దగ్గర నేర్చుకునే ఒక పాప యుకులేలే అలాగే పాడైంది. బ్రిడ్జి వెనక అంచు కింద పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది. మళ్లీ అంటించి, బిగించి, రెండు వారాలు పక్కన పెట్టాల్సి వచ్చింది. తీగ జన్మలో తెగదన్న మాట నిజమే కావచ్చు, చెక్కే విరుగుతుంది.

ఇప్పుడు అసలు తెగిన కారణం చూద్దాం. కొత్తది కొనేముందే ఇది చూడాలి. ఒకే స్ట్రింగు, ఒకే చోట, నెల తేడాలో రెండుసార్లు తెగిందంటే తప్పు స్ట్రింగుది కాదు. అక్కడ ఏదో అంచు కోస్తోంది. తెగిన ముక్క పారేయకపోతే దాని కొస చూడండి. సాగి సన్నబడి తెగితే కొస మొనదేలి ఉంటుంది. ఏదో కోసి తెగితే ఒక పక్క చెక్కినట్టు ఉంటుంది. తర్వాత బ్రిడ్జి మీద ఉన్న తెల్లటి పుల్ల, అదే సాడిల్, దాని మీద ఏ (A) స్ట్రింగు ఆనే చోట గోరు నెమ్మదిగా రాయండి. ఒక దూది పోగు తీసుకుని అక్కడా, బ్రిడ్జిలో స్ట్రింగు దూరే రంధ్రం నోటి దగ్గరా లాగి చూడండి. పోగు పట్టుకుంటే అక్కడ బర్, అంటే గరుకు అంచు, ఉన్నట్టే. ఆ మాట నేను మీకు చెప్పాలా! 600 నంబరు ఎమెరీ పేపరు చిన్న ముక్క మడిచి, నాలుగైదు సార్లు సుతారంగా రుద్దితే చాలు. సాడిల్ ఎత్తు తగ్గకూడదు, అంచు గుండ్రంగా అవ్వాలి, అంతే. ఆ పనికి ఆకురాయి మాత్రం తీయకండి.

కొనడానికి వెళ్లేముందు టేపు తీసుకుని ఒక కొలత తీయండి. పైన తల దగ్గర స్ట్రింగులు కూర్చునే గాళ్ల పట్టీ ఉంటుంది, దాన్ని నట్ అంటారు. అక్కడి నుంచి సాడిల్ దాకా ఎంతుందో చూడండి. పదమూడున్నర, పద్నాలుగు అంగుళాలైతే సొప్రానో. పదిహేను దగ్గరైతే కాన్సర్ట్. పదిహేడు అంగుళాలు టెనర్. పంతొమ్మిది దాటితే బారిటోన్, దాని శ్రుతే వేరు, డి, జి, బి, ఇ అని కడతారు, దాని సెట్టు మీకు పనికిరాదు. కవరు మీద ఈ సైజు పేరు రాసి ఉంటుంది. సొప్రానో, కాన్సర్ట్ రెండింటికీ ఒకే సెట్టు అమ్మే కంపెనీలూ ఉన్నాయి, కంగారు పడకండి. మీరు సైజు రాయలేదు కానీ, మనవడిది అంటున్నారు కాబట్టి సొప్రానోనో కాన్సర్టో అయి ఉంటుందని అనుకుంటూ చెబుతాను.

రకాల సంగతి. మామూలు నైలాన్ చవక, చేతికి మెత్తన, నాదం గుండ్రంగా ఉంటుంది. కాకపోతే కుదురుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది, మన ఊరి తేమకు కొంచెం మారుతుంటుంది. రెండోది నైల్‌గట్. ఇటలీలో అక్విలా అనే కంపెనీ తయారుచేస్తుంది. పేగు తంతి బరువుకీ పలుకుకీ దగ్గరగా ఉండేలా చేసిన ప్లాస్టిక్, చూడటానికి పాలలా తెల్లగా ఉంటుంది. దుకాణంలో కొన్న చాలా యుకులేలేలకు ముందే ఇవే ఉంటాయి. మీదీ తెల్లగా ఉంటే ఇదే అయి ఉండొచ్చు. గట్టిగా, గణగణమని పలుకుతుంది. కానీ పదునైన అంచు తగిలితే తొందరగా తెగుతుంది, అందుకే పైన అంత చెప్పాను.

మూడోది ఫ్లోరోకార్బన్. దీని గురించి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. గాలం చివర కట్టే దారం కోసం చేసే పదార్థం ఇదే. నీళ్లు పీల్చుకోదు, నైలాన్ కంటే బరువైనది. అందుకే సన్నటి దారంతోనే కావలసిన శ్రుతి వస్తుంది. పలుకు స్పష్టంగా ఉంటుంది, మీటిన స్వరం కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. తల కాస్త ఎత్తి చూస్తే సముద్రం కనిపించే ఊళ్లో ఉంటున్నాం, ఊళ్లోనే ఫిషింగ్ హార్బర్, అక్కడి దుకాణంలో దారం కొని కట్టేస్తే పోదా అని మీకు అనిపించొచ్చు. అలా కట్టేవాళ్లు లేకపోలేదు. కానీ అక్కడ దొరికేదాంట్లో ఎక్కువ భాగం మామూలు నైలాన్. పైగా నాలుగు స్ట్రింగులకు నాలుగు లావులు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కుదరాలి. మొదటిసారికి కవరులో వచ్చిన సెట్టే కొనండి. మార్టిన్, డాడారియో, వర్త్ కంపెనీలవి దొరుకుతాయి. షాపులో లేకపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోండి.

సెట్టు వచ్చేదాకా చేతులు ఊరుకోవంటే ఒక ఉపాయం ఉంది. క్లాసికల్ గిటారు నైలాన్ సెట్టులో మొదటి స్ట్రింగు విడిగా దొరికితే తెచ్చుకోండి. సొప్రానో, కాన్సర్ట్ పొడవుల్లో అది ఏ (A) శ్రుతికి హాయిగా వస్తుంది, లాగుడూ సరిపోతుంది. మరీ పొడవుగా ఉంటుంది, మిగిలింది కత్తిరించేయండి. అడిగేటప్పుడు మాత్రం "నైలాన్" అన్న మాట రెండుసార్లు చెప్పండి.

నాలుగూ మార్చాలా అన్నారు. మార్చండి. ఏడాదిగా రోజూ గంట వాయిస్తున్నారు. పాత స్ట్రింగు అడుగున వేలి కొస పెట్టి నట్ నుంచి కిందికి జరపండి, ఫ్రెట్లు తగిలిన చోటల్లా చిన్న చిన్న నొక్కులు తెలుస్తాయి. ఆ నొక్కులవల్ల స్ట్రింగు ఒకచోట లావు, ఒకచోట సన్నం అయిపోయి ఫ్రెట్ల మీద శ్రుతి తప్పుతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఖాళీ స్ట్రింగు మీటి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో పలకాలి. తేడాగా వినిపిస్తే దాని పని అయిపోయింది. ఒక్కటే కొత్తది వేస్తే అదొక్కటీ మెరుస్తూ, పక్కవి మొద్దుగా వినిపిస్తాయి. తీసిన మూడింటిని చుట్టి కవరులో దాచుకోండి, అత్యవసరానికి ఉంటాయి.

మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. మంద్రంలో స్వరాలు దొరకడం లేదన్నారే, అది మీ సాధనలో లోపం కాదు. ఆ వాద్యానికి కట్టిన శ్రుతే అలాంటిది. యుకులేలే నాలుగు స్ట్రింగులు జి, సి, ఇ, ఏ. మన లెక్కలో సి అంటే ఒకటో శ్రుతి. దాన్ని షడ్జమం అనుకుంటే మీ ఒళ్లోని నాలుగూ వరసగా ప, స, గ, ధ. అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం. ఒక్క రిషభం కలిపితే మోహన రాగం. ఆ రిషభం సి స్ట్రింగు మీద రెండో ఫ్రెట్లో ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి రోజు ఇదే చూపిస్తాను, వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

ఇక్కడే ఒక విశేషం ఉంది. మీ గడ్డానికి దగ్గరగా ఉండే జి స్ట్రింగు, గిటారులోలా అన్నిటికంటే బొంగురుది కాదు. సి కంటే పైన పలుకుతుంది. కార్డులు గీస్తే ఆ గలగల రావడానికి కారణం అదే. కాబట్టి వాద్యం మొత్తంలో కిందిది సి. షడ్జమం కింద మీకు మెట్టే లేదు. పాట మంద్ర పంచమానికి దిగితే మీరెక్కడికి వెళ్తారు పాపం.

దారులు రెండున్నాయి. పైసా ఖర్చు లేనిది మొదట చెబుతాను. షడ్జమాన్ని సి నుంచి ఎఫ్‌కి మార్చుకోండి, అంటే నాలుగో శ్రుతి. ఇ స్ట్రింగు మొదటి ఫ్రెట్ మీ కొత్త షడ్జమం. అప్పుడు ఖాళీ సి స్ట్రింగు మంద్ర పంచమం అవుతుంది. పైకి ఏ (A) స్ట్రింగు ఎనిమిదో ఫ్రెట్లో తారా షడ్జమం, పన్నెండో ఫ్రెట్లో తారా గాంధారం దొరుకుతాయి. చాలా పాటలు ఇందులో ఇమిడిపోతాయి. వేళ్లకు కొత్త దారి అలవాటు చేయాలి, అంతే.

రెండోది లో జి. అంటే ఆ జి స్ట్రింగు తీసేసి, ఒక స్థాయి కింద పలికే లావు స్ట్రింగు వేయడం. అప్పుడు ఒకటో శ్రుతిలోనే ఖాళీగా మీటితే మంద్ర పంచమం, ఒకటి రెండు ఫ్రెట్లలో ధైవతాలు, మూడు నాలుగులో నిషాదాలు, తర్వాత సి స్ట్రింగు మీద షడ్జమం. మెట్లు తెగకుండా వరసగా ఎక్కొచ్చు. మీలా పాట పలికించేవాళ్లకు నేను ఇదే చెబుతాను. పోగొట్టుకునేదీ ఉంది. ఆ గలగల తగ్గుతుంది, మోహనలో ఖాళీగా దొరికే పంచమం పోయి ఇ స్ట్రింగు మూడో ఫ్రెట్లో నొక్కాల్సి వస్తుంది. మీరు కార్డులు ఎక్కువ వేయరు కాబట్టి పెద్ద నష్టం కాదు.

సెట్టు మీద "లో జి" అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. మామూలు జి స్ట్రింగునే వదులుచేసి దింపితే గుడ్డపేలికలా వేలాడుతుంది. లో జి లో కూడా రెండు రకాలు. లోహపు తీగ చుట్టినది ఒకటి, చుట్టనిది ఒకటి. లోపల మెత్తటి పోగులుండి పైన సన్నటి తీగ చుట్టి ఉంటుంది కనుక మొదటిదానికి ఉక్కు తీగ భయం లేదు. సొప్రానో లాంటి పొట్టి వాద్యం మీద చుట్టినదే బాగా పలుకుతుంది, చుట్టనిది మరీ లావుగా, మొద్దుగా ఉంటుంది. కాకపోతే దాని మీద వేలు జారుతుంటే కీచుమంటుంది, మన ఉప్పుగాలికి రంగు మారుతుంది, మిగతావాటికంటే ముందే మార్చాల్సి వస్తుంది. టెనర్ అయితే చుట్టనిదే నాకిష్టం.

ఇక బిగించడం. నాలుగూ ఒకేసారి విప్పేయకండి. సాడిల్ చాలా వాద్యాల్లో జిగురు లేకుండా గాడిలో ఊరికే కూర్చుని ఉంటుంది. స్ట్రింగుల ఒత్తిడి పోగానే జారి పడుతుంది, తిరగేసి పెట్టారంటే ఫ్రెట్ల శ్రుతి తప్పుతుంది. నాకొకసారి ఇలాగే జరిగి, సాయంత్రమంతా ఎందుకు శ్రుతి కలవడం లేదో అర్థం కాక తల పట్టుకున్నాను. ఒకటి తీసి, దాని చోట కొత్తది వేసి, శ్రుతికి తెచ్చి, అప్పుడు రెండోది ముట్టుకోండి. కింద తువ్వాలు పరుచుకోండి.

బ్రిడ్జి ఎలాంటిదో చూడండి. దువ్వెన పళ్లలా చీలికలుంటే పని సులువు. స్ట్రింగు కొసకు గట్టి ముడి వేసి, చీలికలోకి దించి, తల వైపు లాగితే ముడి వెనక ఇరుక్కుంటుంది. ఒక ముడి జారిపోయేంత సన్నగా ఉంటే దాని మీదే ఇంకొకటి. అడ్డంగా రంధ్రాలుంటే అది కట్టే బ్రిడ్జి, మీరు ముడి తప్పా అని అడిగారంటే ఇదే అనుకుంటున్నాను.

దీన్ని నెమ్మదిగా చెబుతాను, పక్కన పెట్టుకుని చేయండి. స్ట్రింగును సౌండ్‌హోల్ వైపు నుంచి రంధ్రంలో దూర్చి వెనక వైపు ఒక జానెడు బయటికి తీయండి. ఆ తోకను బ్రిడ్జి మీదుగా వెనక్కి మడిచి, రంధ్రంలోకి వెళ్లేముందున్న అసలు స్ట్రింగు కింద నుంచి తిప్పండి. ఇప్పుడు బ్రిడ్జి మీద ఒక ఉచ్చు ఏర్పడింది. తోకను ఆ ఉచ్చు కింద దూర్చండి. సి, లో జి లాంటి లావువాటికి ఒకసారి చాలు, మిగతా సన్నవాటికి రెండుసార్లు మెలిపెట్టి దూర్చండి. అసలు కిటుకు చివరి దూర్పులో ఉంది. తోక ఉచ్చు కిందికి వెళ్లే ఆ చివరి చోటు బ్రిడ్జి పైన ఉండకూడదు, వెనక అంచు దాటి కింద ఉండాలి. అప్పుడు స్ట్రింగు లాగే కొద్దీ తోక చెక్కకీ ఉచ్చుకీ మధ్య నలిగి బిగుసుకుంటుంది. పైన ఉండిపోతే లాగే కొద్దీ జారుతుంది. ఒక చేత్తో తోక, ఒక చేత్తో అసలు స్ట్రింగు పట్టుకుని రెండు వైపులా లాగి ముడిని కూర్చోబెట్టండి. తోక వెంటనే కత్తిరించకండి, రెండు రోజులాగి, సెంటీమీటరు వదిలి కోయండి. కొస పలకకు తగిలితే జరజరమని శబ్దం వస్తుంది.

పైన తల దగ్గర శ్రుతి చేసే మరను తిప్పి, దాని కడ్డీ రంధ్రం స్ట్రింగు వచ్చే వైపు ఉండేలా పెట్టండి. స్ట్రింగు దూర్చి, బిగుతుగా లాగేసి చుట్టడం మొదలుపెట్టకండి, రెండు మూడు చుట్లకు సరిపడా, అంటే నాలుగైదు సెంటీమీటర్లు వదులుంచండి. చుట్లు ఒకదాని కింద ఒకటి దిగాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే తర్వాత జారి శ్రుతి పోతుంది. నాలుగు స్ట్రింగులూ కడ్డీల లోపలి వైపు నుంచే నట్‌కి రావాలి. మరలు పక్కకు కాకుండా వెనక్కి పొడుచుకుని ఉంటే అవి రాపిడి మరలు. తిప్పాక వెనక్కి తిరిగిపోతుంటే చివర ఉన్న స్క్రూ పావు చుట్టు బిగించండి.

నట్ గాళ్లలో పెన్సిలు మొన గీసి, ఆ నల్లటి పొడి పడనివ్వండి. స్ట్రింగు పట్టకుండా జారుతుంది, శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని ఎగరదు. లో జి వేస్తే దాని గాడి ఇరుకు కావచ్చు, స్ట్రింగు గాడిలో కూర్చోక పైనే ఆగిపోతుంది. అప్పుడు గాడి పక్కలు మాత్రమే వెడల్పు చేయాలి, లోతు ముట్టుకోకూడదు. లోతు ఎక్కువైతే స్ట్రింగు ఫ్రెట్‌కి కొట్టుకుంటుంది, నట్ మార్చడమే గతి.

పది నిమిషాలకోసారి శ్రుతి దిగడం గురించి బెంగ పెట్టుకోకండి. ముడి జారితే కొన్ని నిమిషాల్లో చివరికి ఊడి వచ్చేస్తుంది. మీది ఊడలేదు, సాగుతోంది. ఈ రకం స్ట్రింగులన్నీ కొత్తలో సాగుతాయి, కుదురుకోవడానికి నాలుగు రోజుల నుంచి వారం పడుతుంది, నైలాన్‌కు ఇంకొంచెం ఎక్కువ. శ్రుతికి తెచ్చాక పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలు కింద పెట్టి స్ట్రింగును పలక నుంచి సెంటీమీటరు మేర మెల్లగా పైకెత్తి వదలండి, మళ్లీ శ్రుతి చేయండి. ఇలా నాలుగైదు సార్లు. గుంజి లాగకండి, నైల్‌గట్ ఆ మొరటుతనం ఓర్చుకోదు. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి తేవాలి. ఎక్కువైతే బాగా దింపి మళ్లీ ఎక్కించండి. రాత్రి పడుకునేముందు ఒకసారి, పొద్దున్న లేవగానే ఒకసారి శ్రుతి చేసి పెడితే తొందరగా దారికొస్తాయి.

మన ఊరి గాలి గురించి ఒక మాట. కూర్మన్నపాలెం బీచికి దూరమే అయినా ఉక్కపోత అందరికీ ఒకటే. వాయించాక చేతి చెమట పొడి బట్టతో స్ట్రింగుల మీదా, కిందా తుడవండి. మరల పళ్లకు తుప్పు కనిపిస్తే కుట్టుమిషను నూనె సూదిమొనంత, చెక్క మీద పడకుండా. గోడకి మేకుకి వేలాడదీసే అలవాటు మానేసి సంచిలో పెట్టండి. మనవడు వచ్చినప్పుడు ఆర్కే బీచికి తీసుకెళ్తే మాత్రం ఎండలో కారులో వదలకండి, లోపలి వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది.

ముందు టేపు పెట్టి కొలవండి, కొలతతో పాటు బ్రిడ్జి ఏ రకమో నాలుగు ముక్కలు రాయండి. సాడిల్ అంచు ఇవాళే చూడండి. లో జి గాడి దగ్గర ఇబ్బంది వస్తే బలవంతం చేయకుండా ఆ స్ట్రింగును సెట్టు కవరులోనే పెట్టి, మిగతా మూడూ మార్చుకుని ఎఫ్ షడ్జమంతో వాయిస్తూ ఉండండి. సన్నటి ఆకురాయి ఉన్న గిటారు మరమ్మతు చేసేవారికి చూపిస్తే ఆ గాడి పావుగంట పని.